పెద్దమగ్గం మీద మోటారు రేసు

సిద్దిరాములు తన జన్మలో ఎక్కిన వేగమైన బండి ఏదంటే, కాజీపేటలో ఎక్కి రఘునాథపల్లిలో దిగిన ప్యాసింజరు రైలు. అందులోనూ తలుపు దగ్గర నిలబడే పోయాడు. అలాంటి మనిషికి, పంతొమ్మిది వందల డెబ్బై ఏడు ఎండాకాలం వచ్చేసరికి, ఫెరారీ రేసుకారు మలుపు తిరిగేటప్పుడు ఏ చక్రం మీద ఎంత బరువు పడుతుందో మట్టెవాడలో అందరికన్నా బాగా తెలుసు. బాగా తెలుసని ఆయన అనుకున్నాడు. కాదని చెప్పడానికి ఆ వాడకట్టులో కారున్నవాడు ఒక్కడూ లేడు.

కారు సంగతి పక్కనపెడితే, ఆయన నేత సంఘం షెడ్డులో జంపఖానాలు నేసే మనిషి. షెడ్డులో పన్నెండు మగ్గాలు. పదకొండు చిన్నవి, ఒకటి పెద్దది. పెద్దమగ్గం మీద పన్నెండు అడుగుల వెడల్పు జంపఖానా దిగుతుంది. అంత వెడల్పు ఒక్క మనిషి చేతులకు అందదు కాబట్టి ఇద్దరు ఒకే బల్ల మీద పక్కపక్కన కూర్చుంటారు. ఎడమవైపు మనిషి పేక నూలును తన సగం దాటించి కుడివైపు మనిషి చేతికిస్తాడు, కుడివైపు మనిషి దాన్ని అంచు దాకా తీసుకుపోతాడు. ఆ తర్వాత ఇద్దరూ పంజాలు పట్టి, ఆ ఇనుప పళ్లతో ఎవరి సగాన్ని వారు కొట్టి బిగిస్తారు. ఇద్దరి దెబ్బా ఒక్కటిగా పడాలి. ఒకరిది గట్టిగా, ఒకరిది మెత్తగా పడితే చారలు ఒక పక్కకు వాలిపోతాయి, ఇక ఆ జంపఖానా ఎక్కడ పరిచినా వంకరే.

ఆ బల్ల మీద కుడివైపు సిద్దిరాములు, ఎడమవైపు లక్ష్మీనర్సయ్య. పదహారేళ్లుగా అంతే. లక్ష్మీనర్సయ్య సిద్దిరాములు భార్య సరోజనకు అన్న వరుస, అందుకని ఇద్దరూ ఒకరినొకరు బావా అని పిలుచుకునేవారు. లక్ష్మీనర్సయ్య ఆరడుగుల మనిషి, గంపెడు జుట్టు, షెడ్డంతా వినిపించే నవ్వు. సిద్దిరాములు బక్కపలచ మనిషి, ముందు పళ్లు కాస్త ఎత్తు. పదహారేళ్ల కింద పెద్దమగ్గం లక్ష్మీనర్సయ్యకు ఇచ్చి, జోడీని నువ్వే ఏరుకొమ్మని సంఘంవాళ్లు అన్నప్పుడు, అందరూ ఆయన ఏ పహిల్వానునో అడుగుతాడనుకున్నారు. ఆయన సిద్దిరాములును అడిగాడు. ఎందుకడిగాడో షెడ్డులో ఎవరికీ అర్థం కాలేదు, ఒక్క సిద్దిరాములుకు తప్ప. తన చేతిలో ఉన్న పస చూసే అడిగాడని ఆయన నమ్మకం. ఏ పెళ్లికి పోయినా నాలుగు మాటలు దాటకముందే, "మేం పెద్దమగ్గం మీద కూసునెటోళ్లం, ఆ లక్ష్మీనర్సయ్య దెబ్బకు దెబ్బ నిలవెట్టుడంటే మాటలు గాదు" అనేవాడు. సరోజన ఆ మాటకు విస్తరిలో తల దించుకునేది.

ఇక కార్ల విద్య ఎలా అబ్బిందంటే, మిరపకాయ బజ్జీల వల్ల. షెడ్డు ఎదురుగా యాకమ్మ బజ్జీల బండి. ఇంజనీరింగు కాలేజీ హాస్టలు పిల్లలు ఏడాది చివర గదులు ఖాళీ చేస్తూ ఇంగ్లీషు పత్రికలన్నీ పాత పేపర్లవాడికి తూకానికి వేస్తారు. పాత పేపర్లవాడు యాకమ్మకు వేస్తాడు. యాకమ్మ వాటిని చింపి బజ్జీలు కడుతుంది. ఆ ఏప్రిల్‌లో సిద్దిరాములు నాలుగు బజ్జీలు తిని కాగితం విప్పి చూస్తే, నూనె మరకల మధ్య ఒక బక్కమనిషి తల నిండా కట్లు కట్టుకుని కారులో కూర్చుని ఉన్నాడు. ముందు పళ్లు కాస్త ఎత్తు.

సంఘం గుమాస్తా యాదగిరి మెట్రిక్ ప్యాసు. ఇంగ్లీషు చదివి చెప్పడం షెడ్డులో ఆయన ఒక్కడి హక్కు. ఆయన ఆ కాగితాన్ని దూరంగా పట్టుకుని చదివాడు. ఈయన పేరు నికీ లాడా, ఫెరారీ కారు నడుపుతాడు, రేసులో కారు అంటుకుని కాలిపోయి, బతకడనుకున్న మనిషి ఆరు వారాలకే లేచివచ్చి మళ్లీ రేసులో నాలుగోవాడుగా వచ్చాడు. అంతే, సిద్దిరాములు ఆ క్షణం నుంచి లాడా మనిషైపోయాడు. అద్దంలో తనను చూసుకున్నంత సంబరం ఆయనకు. వారం తిరక్కుండానే లక్ష్మీనర్సయ్య బజ్జీల పొట్లంలో ఒక పొడుగాటి జుట్టు మనిషి నవ్వుతూ దొరికాడు. పేరు జేమ్స్ హంట్, కారు మెక్‌లారెన్. లక్ష్మీనర్సయ్య వాణ్ణి చూసి, "ఇగో, వీడు మనోడు" అన్నాడు. ఆ ఇద్దరికీ రేసుల్లో పోటీ అని యాదగిరి చదివి చెప్పడమే ఆలస్యం, షెడ్డులో కూడా పోటీ మొదలైంది.

కష్టమేమిటంటే, యాకమ్మ కాగితాలు వరుస ప్రకారం వచ్చేవి కావు. లోకంలో లాడా ముందు కాలి, తర్వాత కోలుకున్నాడు. మట్టెవాడలో ముందు కోలుకున్నాడు, మూడు వారాల తర్వాత కాలాడు. ఆ కాలిన కాగితం వచ్చిన రోజు సిద్దిరాములు నిజంగానే అన్నం తినలేదు. "కోలుకున్నడని మొన్ననే చదివిన్రు గదా" అని సరోజన అంటే, "తెలిస్తె ఏంది, పానం ఎట్లనో అయితాంది" అన్నాడు. ఇదంతా జరిగి ఏడాది కావస్తున్నదని, బయట ప్రపంచంలో మరుసటి ఏడు రేసులు సగం దాకా వచ్చాయని షెడ్డులో ఎవరికీ పట్టలేదు. హాస్టలు పిల్లలు గదులు ఖాళీ చేస్తే తప్ప మట్టెవాడలో ఏడాది మారదు.

మధ్యాహ్నం అన్నాల వేళ వాదం నడిచేది. ఫెరారీకి పన్నెండు సిలిండర్లు, మెక్‌లారెన్‌కు ఎనిమిది అని ఒక కాగితంలో ఉంది.

"పన్నెండు మగ్గాల షెడ్డుకు ఎనిమిది మగ్గాల షెడ్డు ఎట్ల సాటి అయితది బావా" అన్నాడు సిద్దిరాములు.

"మన షెడ్డుల గూడ పన్నెండే ఉన్నయ్. అండ్ల పదకొండు చిన్నయే" అన్నాడు లక్ష్మీనర్సయ్య.

ఇంకో కాగితంలో, స్పెయిన్ రేసు గెలిచిన హంట్ కారును కొలిస్తే ఉండవలసినదానికన్నా వేలెడు వెడల్పు ఎక్కువ వచ్చిందని, ఆ గెలుపు కొట్టేశారని ఉంది. సిద్దిరాములుకు అది పండుగ. "వేలెడు. కొలత తెల్వనోడు కారెందుకు చేసుడు, మన సరుకు కొలిచే వెంకటయ్య మేస్త్రి అయితే అవతల పారేస్తుండె" అని షెడ్డులో పన్నెండు మగ్గాల దగ్గరా చెప్పి వచ్చాడు. ఆ గెలుపు తిరిగి ఇచ్చేశారన్న కాగితం పదిరోజులకు వచ్చింది. దాన్ని యాదగిరి చదవబోతుంటే సిద్దిరాములు దాంట్లో చేతులు తుడుచుకున్నాడు.

యాకమ్మ తెలివిగల మనిషి. కారు బొమ్మ ఉన్న కాగితాలు వేరే తీసిపెట్టి, ఈ ఇద్దరు వస్తేనే వాటిలో కట్టేది, అదీ ఒక్కొక్కటిగా. సమాచారం కావాలంటే బజ్జీలు తినాలి. జూన్‌లో ఒక్క మధ్యాహ్నం సిద్దిరాములు మూడు పొట్లాలు తిని దవాఖానలో పడ్డాడు. ఏం తిన్నాడని డాక్టరు అడిగితే సరోజన, "తినలె సారూ, పేపర్ సదివిండు" అంది.

ఇదంతా నవ్వులాటగా ఉన్నంత కాలం బాగానే ఉంది. కానీ పంజాలు పట్టుకున్నాక కూడా వాదం ఆగకపోవడంతో, ఒక్కటిగా పడవలసిన దెబ్బ అప్పుడప్పుడు రెండుగా పడసాగింది. సంఘం మేస్త్రి వెంకటయ్య చెవిన అది పడింది. ఆయన నేసిన సరుకు కొలిచి, తేడా ఉంటే పక్కన పడేసే మనిషి. జేబులో టేపూ, దారాలు లెక్కపెట్టే చిన్న బూతద్దం ఎప్పుడూ ఉంటాయి. నర్సంపేట మార్కెట్ హాలుకు పన్నెండు అడుగుల వెడల్పు, పద్దెనిమిది అడుగుల పొడుగు జంపఖానా ఆర్డరు వచ్చినప్పుడు, ఆయన పెద్దమగ్గం దగ్గరికి వచ్చి నిలబడ్డాడు.

"గిది సక్కగ దిగితె మగ్గం మీ దగ్గర్నే ఉంటది. వంకర వచ్చిందా, జోడీ ఇడదీస్త. మొగిలి ఎన్నాళ్లసంది అడుగుతాండు."

మొగిలి పాతికేళ్లవాడు, బండరాళ్లలాంటి చేతులు. లక్ష్మీనర్సయ్య పక్కన మొగిలి అయినా కూర్చోగలడు, ఇంకెవరైనా కూర్చోగలరు. సిద్దిరాములు పక్కన ఎవరు కూర్చుంటారు? ఎవరు అడుగుతారు? పెళ్లిళ్లలో ఎన్ని మాటలు చెప్పినా, ఆ ప్రశ్న పదహారేళ్లుగా ఆయన లోపల ఒక మూల ఉంది. బల్ల మీద ఆ కుడివైపు చోటు పోతే తాను షెడ్డులో పదకొండు చిన్న మగ్గాలవాళ్లలో ఒకడు. వెంకటయ్య అటు పోగానే ఆయనే నోరు విప్పాడు. "జర కొన్నొద్దులు రేసు బందు వెడుదాం బావా" అన్నాడు. లక్ష్మీనర్సయ్య సరేనన్నాడు. పన్నెండు అడుగులు నేసేదాకా ఇద్దరూ రేసు ఊసెత్తలేదు. తెల్లటి నేల మీద నీలం చారలు గీత గీసినట్టు దిగాయి.

అప్పుడు శ్రావణమాసం వానలు పట్టుకున్నాయి, యాకమ్మ దగ్గర జపాను కాగితం వచ్చింది.

అది ఆ ఏటి ఆఖరి రేసు. లాడాకు హంట్ కన్నా మూడు పాయింట్లు ఎక్కువ. జపానులో కుండపోత వాన. రెండు చుట్లు తిరిగి లాడా కారు ఆపేశాడు. హంట్ మూడోవాడుగా వచ్చాడు, ఒక్క పాయింటు తేడాతో ఆ ఏడు జగజ్జేత అయ్యాడు. ఎందుకు ఆపాడో ఉన్న సగం చిరిగిపోయింది.

"ఇంజను ఖరాబైంటది" అన్నాడు సిద్దిరాములు వెంటనే.

"అయ్యుండచ్చు" అన్నాడు లక్ష్మీనర్సయ్య. గెలిచినవాడు కాబట్టి ఆయన ఉదారంగా ఉన్నాడు.

అక్కడితో ఆగి ఉంటే నర్సంపేట రైతులు శ్రావణం వెళ్లకముందే కొత్త జంపఖానా మీద కూర్చునేవారు. కానీ నాలుగో రోజు యాకమ్మ ఆ చిరిగిన సగంలో ఉల్లిగడ్డ బజ్జీలు కట్టి ఇచ్చింది. యాదగిరి గొంతు సవరించుకున్నాడు. ఇంజను బాగానే ఉంది. ఈ వానలో నడపడం పిచ్చితనం అని లాడాయే దిగిపోయాడు. పోనీ ఇంజను చెడిపోయిందని చెబుదాం అని వాళ్ల ఇంజనీరు అన్నాడట. వద్దు, నేనే ఆపానని చెప్పమన్నాడట.

తన మనిషి భయపడి దిగిపోయాడన్నది సిద్దిరాములు గొంతు దిగలేదు. దిగిపోతే పోయాడు, అబద్ధం చేతికి అందిస్తే కూడా తీసుకోలేదన్నది అసలే దిగలేదు.

"గిది హంటు మనుషులు రాసిన కాయితం" అన్నాడు. "సెప్పుమంటే అబద్ధం సెప్పనోడు ఉంటడా లోకంల?"

"ఉన్నడు గదా. మంచి ఇంజను మీదికెల్లి దిగిండు మీవోడు" అన్నాడు లక్ష్మీనర్సయ్య, నవ్వుతూ. "గంతే బావా. సెయ్యి ఆడలే, దిగిండు. మావోడు గా వానల్నే ఉరికిచ్చిండు."

"కాలి బూడిదైనంక ఆరు వారాలకు లేచినోడు వానకు బయపడుతడా?"

"బయపడ్డడు. రాసిన్రు."

సిద్దిరాములు పోయి బల్ల మీద కూర్చుని పంజా పట్టుకున్నాడు. లక్ష్మీనర్సయ్య నవ్వు ఆపుకోకుండానే వచ్చి పక్కన కూర్చున్నాడు. జెండా ఊపినవాడు లేడు, పందెం కాసినవాడు లేడు. కానీ సిద్దిరాములు ఆ వరుస నూలు అందుకున్న తీరు, అంచు దాకా లాగి, తన సగం కొట్టేసి, చేయి చాచి, "ఇంకా కాలేదా" అన్నట్టు చూసిన చూపు, అది చాలు లక్ష్మీనర్సయ్యకు. ఆయన నవ్వడం మానేశాడు. పంజా ఎత్తి కొట్టాడు.

ఆరు రోజులు అలా నడిచింది. మూల కూర్చుని కండెలు చుట్టే సరోజనకు ఆ చప్పుడు వింటే రెండు మగ్గాలు ఆడుతున్నట్టు ఉంది. ఎడమ నుంచి దబ్బుమని బరువైన దెబ్బ, కుడి నుంచి టకటకమని తొందర దెబ్బలు. ఆమె లేచివచ్చి చూసింది.

"అన్నా, చారలు వంకర పోతానయ్."

"వెలుతురు అట్ల పడుతాంది చెల్లె" అన్నాడు లక్ష్మీనర్సయ్య.

"వానకాలం వెలుతురు" అన్నాడు సిద్దిరాములు. ఆ ఆరు రోజుల్లో ఇద్దరూ ఒక్కమాట మీద ఉన్నది అదొక్కసారే.

వంకర ఇద్దరికీ కనిపిస్తూనే ఉంది. ఆగుదామని ముందు అన్నవాడు ఓడినట్టు. నేసిన బట్ట కింద దూలానికి చుట్టుకుపోతుంటే వంకర కూడా చుట్టుకుని పోతుందని ఇద్దరూ తమను తాము నమ్మించుకున్నారు. మూడో రోజున సిద్దిరాములు ఇంకో సంగతి గమనించాడు. తను ఊపిరి బిగబట్టి, పళ్లు బిగించి, ఎంత గట్టిగా కొట్టినా, లక్ష్మీనర్సయ్య సగం ఇంకా కిందికే దిగుతోంది. తన సగం ఎప్పుడూ ఉన్నచోటే ఉంటోంది. కొత్త పంజా పట్టుకున్నాడు, పాత పంజా పట్టుకున్నాడు, నిలబడి కూడా కొట్టాడు. ఆ సాయంత్రం ఇంట్లో చెంబు ఎత్తలేకపోయాడు.

సరోజన భుజానికి నూనె రాస్తూ, "పదారేండ్ల సంది లేని నొప్పి గిప్పుడెందుకొచ్చింది?" అని అడిగింది.

"వానకాలం" అన్నాడాయన. ఆ మాట ఆయనకే నచ్చలేదు.

ఏడో రోజు జంపఖానా దిగింది. షెడ్డు మధ్యలో పరిచారు. పన్నెండు అడుగుల దాకా చారలు తిన్నగా వచ్చి, ఆపైన మెల్లమెల్లగా ఎడమవైపు కుంగి, చివరికొచ్చేసరికి మలుపులో జారిన బండిలా ఓ పక్కకు పడిపోయాయి. వెంకటయ్య టేపు పట్టాడు. కుడి అంచు పద్దెనిమిది అడుగులు. ఎడమ అంచు దానికన్నా మూరెడు తక్కువ. వేలెడు వెడల్పుకు షెడ్డంతా తిరిగి చెప్పివచ్చిన మనిషి మూరెడు తేడాను చూస్తూ నిలబడ్డాడు.

వెంకటయ్య వంగి, బూతద్దం పెట్టి, అంగుళానికి ఎన్ని వరుసలో లెక్కపెట్టాడు. మొదట కుడి సగం, తర్వాత ఎడమ సగం. మళ్లీ మొదటి నుంచి లెక్కపెట్టాడు. పన్నెండు మగ్గాలూ ఆగిపోయాయి.

"సిద్దిరాములు సగం ఎప్పటి లెక్కనే ఉన్నది. అంగుళానికి ఎనిమిది" అన్నాడు లేస్తూ. "నీ సగం పదకొండు ఉన్నయ్, లక్ష్మీనర్సయ్యా. లెక్క తప్పింది నువ్వు."

సిద్దిరాములుకు ఒక్క క్షణం ఒళ్లంతా చల్లగా, హాయిగా అయింది. గెలిచాడు. కొలత తనవైపు ఉంది, మేస్త్రి మాట తనవైపు ఉంది. ఆ హాయి ఎంతసేపుందంటే, ఎనిమిది అన్న అంకె ఆయన బుర్రలోకి దిగేదాకా ఉంది. ఆరు రోజులు భుజం ఊడేలా కొట్టాడు. అయినా ఎనిమిదే. ఆయన బలమంతా పెడితే ఎనిమిది. మామూలుగా కొట్టినా ఎనిమిదే. అటువైపు లక్ష్మీనర్సయ్య చేయి పదకొండు కొట్టగలదు. మరి పదహారేళ్లుగా ఈ మగ్గం మీద దిగిన ప్రతి జంపఖానాలో రెండు వైపులా ఎనిమిదే ఎలా ఉంది?

పదహారేళ్లు ఆ మనిషి బ్రేకు మీద కాలు పెట్టుకుని నడిపాడు. ఒక్కసారి కూడా ఎవరికీ చెప్పలేదు. సిద్దిరాములు పెళ్లిపెళ్లికీ లేచి దెబ్బకు దెబ్బ నిలబెట్టానని చెబుతుంటే, పక్కనే కూర్చుని, అవునన్నట్టు తలాడిస్తూ పెరుగన్నం తిన్నాడు. సిద్దిరాములుకు సిగ్గు వేసింది. ఆ సిగ్గుతో పాటే ఆ మనిషి మీద ఇంత ప్రేమ కూడా ఎక్కడి నుంచో వచ్చింది.

లక్ష్మీనర్సయ్య ఒక అడుగు ముందుకు వేశాడు.

"మగ్గంల ఖరాబు మేస్త్రీ" అన్నాడు. "దూలం ఒకపక్క జారింది. మా ఇద్దరి తప్పు లేదు. జోడీ ఇడదియ్యకు."

యాదగిరి అప్పటికే రిజిస్టరు తెరిచాడు. "మగ్గం లోపం అని రాయాల్నా మేస్త్రీ? రాస్తే ఎవ్వలకు తిప్పలుండది" అన్నాడు, కలం కాగితానికి ఆనించి.

సిద్దిరాములు లక్ష్మీనర్సయ్య ముఖం వంక చూశాడు. ఇంజను మంచిదే, నీ మనిషే దిగాడు అని వారం కింద గుచ్చిన మనిషి ఇవాళ ఇంజను చెడిందని అబద్ధమాడుతున్నాడు, అదీ తన కోసం. అవునని తలాడిస్తే చాలు. కుడివైపు చోటు ఉంటుంది. పెళ్లిళ్లలో మాటలు ఉంటాయి. ఆ బక్కమనిషి జపాను వానలో చేతికొచ్చిన అబద్ధాన్ని ఎలా వదిలేశాడో సిద్దిరాములుకు ఇంతవరకూ అర్థం కాలేదు. అబద్ధం ఎదురుగా వచ్చి నిలబడితే గానీ అర్థం కాదు కాబోలు.

"మగ్గం మంచిగనే ఉన్నది మేస్త్రీ" అన్నాడు. "దూలం జారలే. బావ సెయ్యి గూడ తప్పలే. ఆయన సెయ్యి పదకొండు. నాది ఎనిమిది. పదారేండ్ల సంది నా కోసం తగ్గిచ్చుకొని కొడుతాండు. నాకు గిప్పుడు తెలిసింది. మొగిలిని బావ జాగల కాదు, నా జాగల కూసవెట్టు. నేను దిగుతాన."

"దిగుడేంది? ఎక్కడికెల్లి?" అన్నాడు వెంకటయ్య. ఆయన బజ్జీలు తినడు.

లక్ష్మీనర్సయ్య నేల చూపులు చూస్తూ, "ఎవడు సెప్పుమన్నడు నిన్ను" అన్నాడు. మేస్త్రి వినకూడదని మెల్లగా అన్నాడు గానీ, ఆయనకు మెల్లగా మాట్లాడడం రాదు, అందరికీ వినిపించింది.

వెంకటయ్య అన్నంత పనీ చేశాడు. నర్సంపేటకు కొత్త జంపఖానా మొదలైంది, లక్ష్మీనర్సయ్య పక్కన మొగిలి కూర్చున్నాడు. సిద్దిరాములును కిటికీ పక్క మూడో చిన్న మగ్గం మీదికి పంపారు. వంకర జంపఖానా అమ్మడానికి పనికిరాదు కాబట్టి షెడ్డులో అన్నాలు తినే చోట పరిచేశారు. దాని మీద కూర్చున్నవాళ్లు ఒక పక్కకు ఒరుగుతున్నట్టు అనిపిస్తుందని సరోజన అనేది.

చిన్న మగ్గం మీద సిద్దిరాములుకు మొదటి రెండు రోజులు పని తోచలేదు. పేక నూలు అంచు దాకా లాగి, అలవాటు కొద్దీ పక్కకు చేయి చాచేవాడు. అక్కడ కిటికీ గోడ. మూడో రోజున చెవి పెద్దమగ్గం వైపు పోయింది. కుడి నుంచి దబ్బుమని బరువైన దెబ్బ పడుతోంది, అది మొగిలి. ఎడమ నుంచి మెత్తగా, పొదుపుగా, కళ్లు మూసుకున్నా గుర్తుపట్టగలిగిన దెబ్బ. ఎనిమిది దెబ్బ. అది తన దెబ్బే. లక్ష్మీనర్సయ్య చేతిలో అలవాటై ఉండిపోయింది.

"పెద్దయ్యా, జర గట్టిగ కొట్టు. నీ పక్క లేస్తాంది" అంటున్నాడు మొగిలి.

"కొడుతాన."

"ఏడ కొడుతానవ్. చార నాదిక్కు వాలుతాంది."

దెబ్బలు ఆగిపోయాయి. సిద్దిరాములు తన పంజా కూడా కింద పెట్టాడు. వెంకటయ్య మేస్త్రి సాయంత్రం టేపు పట్టుకుని వస్తాడు, ఈసారి మగ్గం దిగేది లక్ష్మీనర్సయ్య. షెడ్డులో అందరికీ ఆ సంగతి తెలుసు.

"సెయ్యి లేస్తలేదు" అన్నాడు లక్ష్మీనర్సయ్య పెద్దమగ్గం మీద నుంచి. మొగిలితో కాదు, షెడ్డు అవతలి కొసన కిటికీ పక్కకు చూసి అన్నాడు. "మొన్న గట్ల ఎట్ల కొట్టిన్నో నాకే తెల్వదు. బావా, మా హంటును జర ఏమన్న అనరాదు."

సిద్దిరాములు కింద పెట్టిన పంజాను మళ్లీ చేతిలోకి తీసుకున్నాడు.

"మొగిలి ఏమన్న అంటడేమో అని చూసిన. వానికి తెల్వదాయె" అన్నాడు లక్ష్మీనర్సయ్య. "నువ్వు పక్కన లేకుంటే కోపం గూడ వస్తలేదు బావా."

సరోజన కండె చుట్టడం ఆపి మొగుడి వంక చూసింది. సిద్దిరాములు కళ్లు తుడుచుకుని, కిటికీలోంచి ఒకసారి ఉమ్మి, గొంతు సవరించుకున్నాడు.

"మీవోని కారు వేలెడు వెడల్పు" అన్నాడు.

పెద్దమగ్గం ఎడమవైపు నుంచి దబ్బున దెబ్బ పడింది. మొగిలి కంగారుగా తనదీ కొట్టాడు. రెండూ ఒక్క చప్పుడైంది.

"దొంగ కొలత. వానల ముందర కానరాక ఉరికిచ్చిండు గని, ధైర్యం గాదు" అన్నాడు సిద్దిరాములు.

మళ్లీ ఒక్క చప్పుడైంది. సిద్దిరాములు తన చిన్న మగ్గం మీద ఒక వరుస వేసుకుంటూ, రెండో వరుసకు హంట్ గురించి ఏమనాలా అని ఆలోచిస్తూ, సాయంత్రం దాకా తిట్టాడు. పొద్దుగూకి వెంకటయ్య బూతద్దం పెట్టి చూస్తే రెండు వైపులా పదకొండు వచ్చాయి. అప్పటికి సిద్దిరాములుకు గొంతు పోయింది. రేపటి తిట్లకు యాకమ్మ దగ్గర కొత్త కాగితం ఏమన్నా ఉందేమో చూసి రమ్మని, లక్ష్మీనర్సయ్యకు చేత్తో సైగ చేశాడు.